ఎరుపు లేని బడి

అరవై ఏడో కాగితం. బొటనవేలికి తొడుక్కున్న రబ్బరు తొడుగుతో మూల ఎత్తి, కంప్యూటరుకి ఎడమ పక్కనున్న చెక్కపలకకి క్లిప్పుతో తగిలించి, ప్రనోమ్ అంకెలు కొట్టడం మొదలుపెట్టింది. సున్నా, ఒకటి, ఒకటి, సున్నా, రెండు. చూపు కాగితం మీదే ఉంది. కుడిచేయి మాత్రం మీటల మీద తనంతట తాను తిరుగుతోంది. ఇరవై అయిదు ప్రశ్నలకి ఇరవై అయిదు అంకెలు పూర్తయ్యాక ఒక మీట నొక్కితే, పేరు పక్క గడిలో రంగు పడుతుంది. ఆకుపచ్చ అయితే మామూలు పిల్ల. పసుపు అయితే ఓ కంట కనిపెట్టాల్సిన పిల్ల. ఎరుపు అయితే మనసు బాగాలేని పిల్ల. అరవై ఏడుకి ఆకుపచ్చ పడింది. ఆమె కాగితం తిరగేసి పక్కన పెట్టి అరవై ఎనిమిదో కాగితం అందుకుంది.

ఉదయం ఏడూ ముప్పావు అయింది. బడిలో మొత్తం పిల్లలు నూటపద్దెనిమిది మంది. సాయంత్రం నాలుగున్నరకల్లా అందరి రంగులూ జిల్లా ఆఫీసుకి చేరాలి. ఏటా వర్షాకాలం మొదట్లో వచ్చే పనే ఇది. ఏటా క్లాసు టీచర్లు కాగితాల కట్టలు చివరి రోజు దాకా తమ దగ్గరే ఉంచుకుని, చివరి రోజు పొద్దున్నే తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, "కాస్త చూడక్కా" అని వెళ్ళిపోతారు. ఇంట్లోవాళ్ళు నింపాల్సిన కాగితాలు కూడా ఆ కట్టల్లోనే ఉంటాయి. నలభై ఇళ్ళవాళ్ళూ ఒకే నీలం పెన్నుతో, ఒకే వాలు గీతతో టిక్కులు పెట్టి ఉంటారు. అంత కట్టుబాటున్న ఊరు దేశంలో ఇంకోటి ఉండదని ప్రనోమ్ లోపల నవ్వుకుని, వాటిని ఫైల్లో పెట్టేస్తుంది.

ఆమెకి యాభై మూడేళ్ళు. పొట్టి మనిషి. కుర్చీలో వెనక్కి జారబడితే కాళ్ళు నేలకి అందవు, అందుకని బల్ల కింద ఓ అట్టపెట్టె పెట్టుకుంది. చీలమండలు మధ్యాహ్నానికి వాచిపోతాయి. జుట్టుకి వేసిన నల్లరంగు పాపిట దగ్గర రెండు వేళ్ళ మేర వెలిసింది. కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతుంటుంది. చేతులు రెండూ పనిలో ఉంటే పుదీనా మందు గొట్టాన్ని ముక్కులోనే దోపుకుని ఊపిరి పీలుస్తూ ఉంటుంది. కొత్తగా చేరిన టీచర్లు మొదటిరోజు అది చూసి నవ్వుకుంటారు, నెల తిరిగేసరికి వాళ్ళూ ఒకటి కొనుక్కుంటారు. సోమవారం బడిలో పనిచేసేవాళ్ళంతా ఖాకీ వేసుకోవాలి కాబట్టి ఆమె కూడా ఖాకీ చొక్కా వేసుకుంది. తేడా అల్లా భుజాల మీదే. అక్కడ టీచర్లకి బంగారు గీతల పట్టీలు ఉంటాయి, ఆమెకి పట్టీలు కుట్టడానికి వదిలిన ఖాళీ ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఆమె కాంట్రాక్టు గుమాస్తా.

అంతకు ముందు బాంకాక్‌లో బట్టల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు చొక్కాలకి ఎడమ చేతులు కుట్టింది. కుడి చేతులు వేరే వరసలోవాళ్ళు కుట్టేవాళ్ళు. మొగుడు ఓడల్లో వెల్డింగు పనికని వెళ్ళాడు. పెద్ద గొడవేం జరగలేదు, ఒక ఏడు రాలేదు, మరో ఏడు రాలేదు, ఆ తర్వాత ఆమె ఎదురుచూడడం మానేసింది. పిల్లల్లేరు. బజారు వెనక ఒంటిగది, అందులో అన్నం కుక్కరు, టీవీ, కిటికీలో నాలుగు మిరప మొక్కలు. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే "తిన్నా" అంటుంది. ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకి అదే జవాబు, అంతకు మించి ఎవరూ అడగరు.

ఎనిమిదింటికి జెండా గంట కొట్టారు. ప్రనోమ్ లేచి, ఉన్నచోటే చేతులు కిందకి వదిలి, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడింది. కిటికీలోంచి పిల్లల వరసలు కనిపిస్తున్నాయి. పాట, ప్రార్థన, ఒక నిమిషం కళ్ళు మూసుకోవడం అయ్యాక విరోట్ మాస్టారు మైకు అందుకున్నారు. ఆయన అసలు చెప్పేది వ్యవసాయం. నాలుగేళ్ళ కిందట పట్నంలో ఏదో హోటల్లో రెండు రోజులు శిక్షణ ఇచ్చి, పిల్లలకి మనసు గురించి చెప్పే బాధ్యత కూడా ఆయనకే తగిలించారు. మంచాయన. పేడ ఎరువు గురించి ఎంత ఉత్సాహంగా చెబుతారో దీని గురించీ అంత ఉత్సాహంగానే చెబుతారు. ఒళ్ళు బాగుంటే సరిపోదు, మనసూ బాగుండాలన్నారు. వేళకి పడుకోమన్నారు, ఫోను పక్కన పెట్టమన్నారు, కోపం వస్తే పది లెక్కపెట్టమన్నారు. దిగులు రావడం తప్పు కాదని, రెండు వారాలు దాటినా పోకపోతే మాత్రం నమ్మకమైన పెద్దవాళ్ళకి చెప్పాలని, చెప్పడానికి సిగ్గుపడొద్దని అన్నారు. చివర్లో అందరి చేతా నవ్వు ముఖం పెట్టించి ఫోటో తీయించారు. ఆ ఫోటో కూడా సాయంత్రం పంపాలి.

ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు. రెండు వారాలు అన్న మాట దగ్గర మాత్రం ప్రనోమ్ చేయి పుదీనా గొట్టం కోసం వెతుక్కుంది. తన సంగతి రెండు వారాలు దాటి ఆరేళ్ళయింది. పోయిన ఏడాది ఓ శనివారం మధ్యాహ్నం, బడిలో ఎవరూ లేనప్పుడు, ఖాళీ ప్రశ్నల కాగితం ఒకటి తీసి తనే నింపుకుంది. నిజంగా ఎలా ఉంటే అలా టిక్కులు పెట్టి, కంప్యూటర్లో అంకెలు కొట్టి చూసింది. పేరు దగ్గర విద్యార్థి నంబరు ఎంతని అడిగింది కంప్యూటరు. ఆమెకి నంబరు లేదు. కాసేపు దాన్ని చూస్తూ కూర్చుని, కిటికీలు వేసి, బజారుకి వెళ్ళి చేపలు కొనుక్కుంది.

ఎనభై మూడో కాగితంతో ఎనిమిదో తరగతి కట్ట మొదలైంది. తొంభై ఒకటో కాగితం చొంపూది.

చొంపూకి పద్నాలుగేళ్ళు. తల్లి రాయోంగ్ అనే దూరపు పట్నంలో ఫ్యాక్టరీ పని చేస్తూ అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకుంది. అమ్మమ్మ పోయిన ఏడు పోయింది. పిల్ల ఇప్పుడు పిన్ని దగ్గర ఉంటోంది. పిన్నికి రోడ్డు పక్కన కాల్చిన కోడి బండి ఉంది. ఫీజు రాయితీ దరఖాస్తులు రాసేది తనే కాబట్టి ఈ సంగతులన్నీ ప్రనోమ్‌కి తెలుసు. చామనఛాయ పిల్ల, చెవుల మీదికి కత్తిరించిన జుట్టు, లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. ఆఫీసులోకి ఏదైనా కాగితం తెస్తే రెండు చేతులా అందించి, నవ్వి, వెళ్ళిపోయేది. ఆ నవ్వు చూసినవాళ్ళెవరూ ఆ పిల్ల గురించి ఇంకోసారి ఆలోచించేవాళ్ళు కాదు.

టిక్కులన్నీ కుడివైపు, చాలా నిజం అని రాసి ఉండే రెళ్ళ వరసలో ఉన్నాయి. ఒకటీ అరా మధ్యలో. ప్రనోమ్ అంకెలు కొట్టకుండా ముందు కూడిక వేసుకుంది. ఆ కూడికలో ఆమె చెయ్యి తిరిగిపోయింది. ఇది ఎరుపు. పసుపుకి రావాలంటే అయిదు రెళ్ళని ఒకట్లు చేయాలి, ఆకుపచ్చకి రావాలంటే తొమ్మిది.

ఇక్కడ ఆమె చేసే పని గురించి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఉన్నదున్నట్టు కొట్టింది. తొమ్మిది ఎరుపులు వచ్చాయి. ఒక్కో ఎరుపుకీ మళ్ళీ ఇంటికెళ్ళి చూడాలి, ఇంటివాళ్ళతో ఫోటో దిగాలి, ఆసుపత్రికి ఉత్తరం రాయాలి, జిల్లా మీటింగులో లేచి నిలబడి సంజాయిషీ చెప్పాలి. టీచర్లు ఆమెతో వారం రోజులు ముభావంగా ఉన్నారు. అది కూడా పెద్ద సంగతి కాదు. ఆ తొమ్మిది మందిలో ఒక ఆడపిల్లని తోటి పిల్లలు "ఎర్రదానా" అని పిలవడం మొదలుపెట్టారు, ఆ పేరు బడి వదిలేదాకా వదల్లేదు. మరుసటి ఏడు నుంచి ప్రనోమ్ ఎరుపు కాగితం వచ్చినప్పుడల్లా రెండు మూడు అంకెలు తగ్గించడం నేర్చుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. చిన్నపిల్లకి పెట్టే ముందు చేపముల్లు తీసిపెట్టినంత మామూలుగా చేసేది. పిల్లలకి మేలు చేస్తున్నాననే అనుకుంది, మనస్ఫూర్తిగా.

ఆరేళ్ళ కిందట తావీ అనే తొమ్మిదో తరగతి కుర్రాడి కాగితం వచ్చింది. మొత్తం కుడివైపు టిక్కులే. నవ్వుతూ తిరిగే పిల్లాడే, ఆకతాయితనంగా నింపి ఉంటాడనుకుంది. పదకొండు అంకెలు మార్చి ఆకుపచ్చ చేసింది. మధ్య సెలవులు అయ్యాక తావీ బడికి రాలేదు. తన ప్రాణం తనే తీసుకున్నాడని రెండు రోజుల తర్వాత తెలిసింది. కర్మకాండకి బడి తరఫున పూలచక్రం పంపారు. జిల్లా నుంచి వచ్చినవాళ్ళు కంప్యూటరు తెరిచి చూసి, పిల్లవాడు ఆకుపచ్చలోనే ఉన్నాడు, బడి తప్పేమీ లేదని రాసుకుని వెళ్ళారు. టీచర్లందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజు జిల్లావాళ్ళకి మంచినీళ్ళ గ్లాసులు అందించింది ప్రనోమే.

అప్పటినుంచి ఆ పని మానేసిందా అంటే, లేదు. మానేస్తే అంతకు ముందు చేసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అలా ఒప్పుకుని రేపు పొద్దున్న లేచి పనికి రావడం ఎలాగో ఆమెకి తెలియలేదు. అందుకని చేస్తూనే ఉంది, ఇదివరకటి కంటే వేగంగా, పేరు చూడకుండా.

చొంపూ కాగితం కూడా అలాగే అయిపోయేది. కాగితం అడుగున, ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయండి అని రెండు గీతలు ఉంటాయి. పిల్లలు అక్కడ ఏమీ లేదు అని రాస్తారు, లేదా పువ్వు బొమ్మ వేస్తారు. చొంపూ పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో ఒక్క ముక్క రాసింది.

"ఇది ఎవరైనా చదువుతారా?"

ప్రనోమ్ రబ్బరు తొడుగు తీసేసింది. కాగితాన్ని పలక మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పద్నాలుగేళ్ళలో ఈ బడిలో ప్రతి కాగితమూ చదివింది తనొక్కతే. ఎవరూ ఇన్నాళ్ళూ ఆ మాట ఆమెని అడగలేదు. తొంభై రెండో కాగితం తగిలించబోయి మానేసి, భోజనాల గంట కొట్టేదాకా ఊరికే కూర్చుంది.

క్యాంటీను వెనక పళ్ళేలు కడిగే కుళాయిల దగ్గర చొంపూ కనిపించింది. పందుల కోసం పెట్టిన బకెట్లో పళ్ళెం వంచుతోంది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండు మణికట్లకీ తెల్లదారాలు కట్టి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, మసిబారి. పిల్ల బెంగపడిందని, ఒంట్లోంచి జారిన ప్రాణాన్ని పిలిచి కట్టించిన దారాలవి. పిన్ని మూడుసార్లు కట్టించి ఉంటుందని ముడులు చూస్తే తెలుస్తోంది. మిగతా పిల్లలు వెళ్ళేదాకా ఆగి, ప్రనోమ్ పక్క కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.

"నీ కాగితం చదివా," అంది.

చొంపూ తలెత్తలేదు. "ఊరికే రాశా పెద్దమ్మా. ఖాళీగా ఉంచితే టీచరు తిడతదని."

"టిక్కులు కూడా ఊరికే పెట్టావా?"

పిల్ల పళ్ళేన్ని కడిగిందే మళ్ళీ కడిగింది. ప్రనోమ్‌కి ఇంకేం అడగాలో తెలియలేదు. ఇలాంటివి అడగడం ఆమెకి ఎవరూ నేర్పలేదు, ఆమెని ఎవరూ అడగనూ లేదు. విరోట్ మాస్టారు మైకులో చెప్పినవే ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని అడిగింది. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, స్నేహితులున్నారా. చొంపూ అన్నింటికీ పొడిగానే చెప్పింది. నాలుగింటికే లేచి కోడిముక్కలు పుల్లలకి గుచ్చుతానని, దానికి ముందు కూడా మెలకువగానే ఉంటానని చెప్పింది. పిన్ని మంచిదేనంది. పిన్ని కోడి తినడానికి పక్క ఊళ్ళ నుంచి జనం వస్తారని, తనకి మాత్రం తడిసిన అట్ట నమిలినట్టుంటదని అంది.

"ఏడుస్తావా?"

"అదే రావట్లే." ఆ ఒక్క మాట దగ్గర పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. "నవ్వు రాకపోతే ఫర్లేదు పెద్దమ్మా, పళ్ళు చూపిస్తే సరిపోద్ది. ఏడుపు కూడా రావట్లే. అమ్మమ్మ పోయినప్పుడు కూడా రాలే. లోపలున్నది ఎటో వెళ్ళిపోయి, ఉత్త చొక్కా లంగా బడికొస్తున్నట్టుంటది."

ప్రనోమ్ కుళాయి కట్టేసింది. "బతకాలని లేదా నీకు?" అని అడిగింది. ఆ మాట తన నోట్లోంచి అంత తిన్నగా వస్తుందని అనుకోలేదు.

చొంపూ పళ్ళెంలో నీళ్ళు వంపేసింది. "అప్పుడప్పుడు," అంది చివరికి. "ఎవరితో అనొద్దు పెద్దమ్మా."

"అనకుండా ఉండలేనే. ఒకసారి ఉన్నా."

ఆ మాటకి అర్థం పిల్లకి తెలియదు. ఏం చేస్తారని మాత్రం అడిగింది. డాక్టరుకి చూపిస్తారని, జ్వరం లాగే ఇదీ ఒకటని, మందులుంటాయని, తను కూడా వెంట వస్తానని ప్రనోమ్ చెప్పింది. చొంపూ ఆలోచించి, సరేనన్నట్టు తలాడించి, పళ్ళెం తీసుకుని క్లాసుకి వెళ్ళింది. పిల్ల భుజాలు కొంచెం దిగినట్టు అనిపించింది ప్రనోమ్‌కి. అలా అనిపించినందుకు ఆమెకి ఎంతో సంతోషమేసింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ రోజు డబ్బాలో అన్నం మొత్తం తినేసింది.

ఒంటిగంటకి తొంభై ఒకటో కాగితాన్ని మళ్ళీ పలకకి తగిలించి, ఉన్నదున్నట్టు కొట్టింది. అలవాటు చొప్పున వేళ్ళు మూడుచోట్ల రెండు బదులు ఒకటి నొక్కాయి. మూడుసార్లూ వెనక్కి వెళ్ళి చెరిపి రెండు కొట్టింది. ఆఖరి మీట నొక్కగానే ఎరుపు పడింది. ఆ తెర మీద ఆ రంగు చూసి పన్నెండేళ్ళు దాటింది.

విరోట్ మాస్టారిని పిలిచి చూపించింది. కుళాయి దగ్గర మాటలు కూడా చెప్పింది. ఆయన నిజంగానే కంగారుపడ్డారు. శిక్షణలో ఇచ్చిన పుస్తకం తెచ్చి, ఎరుపు వస్తే ఏం చేయాలో వేలితో చదువుకున్నారు. ముందు పెద్దాసుపత్రికి ఫోన్ చేశారు. పిల్లల మనసు డాక్టరు ఒక్కరే ఉన్నారు, ఏడు వారాల తర్వాత తారీఖు ఇచ్చారు. పిల్ల చెప్పిన మాట చెప్పినా ఆ ఫోను ఎత్తినామె అత్యవసరమైతే ఎమర్జెన్సీకి తెమ్మంది, అంతే. పుస్తకంలో తర్వాతి పని, ఇంట్లోవాళ్ళకి వెంటనే తెలియజేయాలి అని ఉంది. ఇంటికి మనిషి వెళ్ళి నెమ్మదిగా చెబితే బాగుంటుందని ప్రనోమ్ అనేలోపే ఆయన నంబరు నొక్కేశారు.

"ఏం భయపడొద్దమ్మా," అన్నారు, పొలంలో అవతలి గట్టు మీదున్న మనిషితో మాట్లాడినంత గట్టిగా. "మీ పిల్ల ఎర్రలో పడింది. పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకి చూపించాలి."

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ఆసుపత్రి పేరు తిట్టుగా వాడతారు. బజారులో ఎవరైనా పిచ్చిగా మాట్లాడితే, నిన్నక్కడ చేర్పించాలి అంటారు. విరోట్ మాస్టారికీ ఆ సంగతి తెలుసు, ఆయన కూడా వాడతారు. ఆ సమయానికి గుర్తురాలేదు. అవతల ఫోన్ కట్ అయింది. విని ఉంటుంది లెండి, అని ఆయన క్లాసుకి వెళ్ళిపోయారు.

మూడింటికి పిన్ని వచ్చింది. పేరు సాయ్‌రుంగ్. ముప్పై అయిదేళ్ళుంటాయి, చేతుల నిండా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు, వంటి నిండా బొగ్గు వాసన. దుకాణం మధ్యలో కట్టేసి వచ్చిందని నడుముకున్న ఏప్రనే చెబుతోంది. చేతిలో ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి ఉంది. క్లాసులోంచి చొంపూని పిలిపించి పక్కన నిలబెట్టుకుంది. బదిలీ కాగితం కావాలంది. రాయోంగ్‌లో తల్లి దగ్గరికి పంపిస్తానని, బస్సు ఆరింటికని చెప్పింది.

ప్రనోమ్ లేచి నిలబడి తనకి చేతనైనంత చెప్పింది. ఇది పిచ్చి కాదని, పిల్లకి ఇప్పుడు కొత్త చోటు మంచిది కాదని, ఒంటరిగా వదలొద్దని, ఇవాళే ఆసుపత్రికి వెళ్దాం తనూ వస్తానని.

"ఊరంతా ఫోన్ ఇన్నారు అక్కా," అంది సాయ్‌రుంగ్. గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. "చేతులకి మసాలా ఉందని స్పీకర్లో పెట్టా. బండి ముందు ఆరుగురున్నారు. రేపట్నుంచి దీన్ని ఏమంటారో నాకు తెలీదా? నేనేం తక్కువ చేశా దీనికి? మూడుసార్లు దారాలు కట్టించా, గుళ్ళో మొక్కా. గాలి మారితే సర్దుకుంటది. వాళ్ళమ్మ ఉంది కదా, చూసుకోనీ."

అక్కడ బళ్ళో చేర్పిస్తారా అని అడిగితే, చేర్పిస్తారు అంది, కళ్ళు పక్కకి తిప్పుకుని. ప్రనోమ్ ప్రింటరు చెడిపోయిందని అబద్ధమాడింది. రేపు రమ్మంది. ఆ మాటలు విని బడి పెద్ద, డైరెక్టరు గారు తన గదిలోంచి బయటికి వచ్చారు. ప్రింటరు మీద వెలుగుతున్న చిన్న లైటు వైపు చూశారు, తర్వాత కంప్యూటరు తెర మీద ఎర్రగడి వైపు చూశారు. ప్రనోమ్‌ని లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశారు.

ఇవాళే ఇచ్చేయమన్నారు. బంధువు అడిగితే ఆపే హక్కు బడికి లేదన్నారు. ఆయన గొంతు మెత్తగానే ఉంది. ఎప్పుడూ ఆమె మీద కేకలేసిన మనిషి కాదు.

"సార్," అంది ప్రనోమ్. "తావీకి ఆకుపచ్చ పెట్టింది నేనే. వాడు ఎరుపు. పదకొండు అంకెలు మార్చాను."

ఆరేళ్ళుగా ఆ మాట ఎవరితోనైనా అంటే ఏమవుతుందోనని ఎన్నో రకాలుగా ఊహించుకుంది. పోలీసులు, తావీ తల్లి, దినపత్రికలు, నడివీధిలో జుట్టు పట్టుకోవడం. డైరెక్టరు గారు కుర్చీ ఆమె వైపు జరిపారు.

"తెలుసక్కా. అప్పుడే ఆ కాగితం తీసి చూశా. మేం ముగ్గురం చూశాం." గొంతు తగ్గించి, "నిన్నెవరూ ఏమీ అనలేదు కదా," అన్నారు.

ఆమె కూర్చోలేదు. ముగ్గురికి తెలుసు. ఆరేళ్ళు పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని అన్నం తిన్నారు, పుట్టినరోజులకి కేకు ముక్కలు పంచుకున్నారు. తను నిద్రలేక ఉబ్బిన కళ్ళతో వస్తే, నీరు పట్టిందేమో ఉప్పు తగ్గించక్కా అన్నారు. తను ఒక్కతీ మోస్తున్నాననుకున్న దాన్ని ముగ్గురూ చూస్తూనే ఉన్నారు, ఎవరూ చేయి వేయలేదు. ప్రనోమ్‌కి ఆ క్షణాన ఆయన మీద కోపం రాలేదు. అలిసిపోయింది, అంతే. బయటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

బదిలీ కాగితం నింపడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పేరు, పుట్టిన తేదీ, తరగతి, నడవడిక దగ్గర మంచిది అని. కారణం దగ్గర, కుటుంబం వేరే చోటికి వెళ్తున్నందున అని రాసింది. అందరికీ అదే రాస్తారు. సాయ్‌రుంగ్ సంతకం పెట్టింది. చొంపూ కూడా పెట్టాలి. పిల్ల వంగి సంతకం పెడుతుంటే ప్రనోమ్ ఒక చీటీ మీద తన ఫోన్ నంబరు రాసి చేతిలో పెట్టింది. ఏ వేళైనా చెయ్యమంది. సాయ్‌రుంగ్ వైపు తిరిగి, పిల్లని ఒంటరిగా ఉంచొద్దని, రాయోంగ్‌లోనూ ఆసుపత్రి ఉంటుందని, వాళ్ళమ్మకి చెప్పమని, నేనే ఫోన్ చేసి చెబుతా నంబరివ్వమని బతిమాలింది. సాయ్‌రుంగ్ నంబరు చెప్పింది. నంబరు చెబుతూ ఆమె ఏడ్చింది, ఏప్రను అంచుతో ముక్కు తుడుచుకుంది.

చొంపూ ఏడవలేదు. రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించి దణ్ణం పెట్టింది. "మీరు చదవకపోతే బాగుండేది పెద్దమ్మా," అంది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

గుమ్మం దాటి వాళ్ళ మాటలు కాసేపు వినిపించాయి. సాయ్‌రుంగ్ సంచి విప్పుతున్న చప్పుడు, త్వరగా కానీ అనడం. తర్వాత మోటారుసైకిలు స్టార్టయింది. ప్రనోమ్ కిటికీ దగ్గరికి వెళ్ళి చూసేసరికి అది గేటు దాటి, చెరుకు లారీ వెనక మలుపు తిరిగిపోయింది.

తల్లి నంబరుకి మూడుసార్లు ఫోన్ చేసింది. షిఫ్టులో ఉండి ఉంటుంది, ఎత్తలేదు.

మిగతా కాగితాలు పూర్తి చేసింది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. వచ్చిన రంగు వచ్చినట్టే వదిలేసింది. మిగిలినవాటిలో ఎరుపులేం లేవు, నాలుగు పసుపులు వచ్చాయంతే. నాలుగూ ఇరవైకి బదిలీ వివరాలు కంప్యూటరులో ఎక్కించింది. ఎక్కించగానే తొంభై ఒకటో వరస తెర మీంచి పోయింది. కింద ఉన్న పేర్లన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. మొత్తం నూటపదిహేడు మంది. ఆకుపచ్చలూ పసుపులూ ఉన్నాయి, ఎరుపు సున్నా. సమాచారం పూర్తయింది, పంపవచ్చు అని వచ్చింది. ప్రనోమ్ నాలుగూ ఇరవై తొమ్మిది దాకా ఆ మీట నొక్కలేదు. ఆఖరికి వెనక నుంచి విరోట్ మాస్టారు, టైమవుతోందక్కా అని గుర్తుచేస్తే నొక్కింది. పిల్లలు నవ్వు ముఖాలు పెట్టిన ఫోటో ఆయన జతచేశారు. అందరికీ ఐసు కాఫీలు తెప్పించారు. ఆమె వంతు కాఫీ బల్ల మీద నీరుకారుతూ ఉండిపోయింది.

అయిదింటికి దీపాలు ఆర్పి, తాళం తీసుకుని బయటికి వచ్చింది. వాన మొదలయ్యేలా ఉంది. మరోసారి రాయోంగ్ నంబరుకి చేసి, మోగి మోగి ఆగిపోయేదాకా చెవి దగ్గరే పెట్టుకుంది. చెప్పులు తొడుక్కోబోతూ వంగినప్పుడు, గుమ్మం పక్క చెక్క అరలో తన చెప్పులు కాక ఇంకో జత కనిపించింది. పిన్ని సంచిలో తెచ్చిన రబ్బరు చెప్పులు వేసుకుని పిల్ల వెళ్ళిపోయింది.

నల్ల తోలు బడి బూట్లు, మడమలు అరిగినా నిగనిగలాడేలా తుడిచినవి, గోడకి ఆనించి జతగా పెట్టి ఉన్నాయి. లోపల తెల్ల మేజోళ్ళు ఉండచుట్టి ఉన్నాయి. ఒక బూటు లోపలి అట్ట మీద బాల్‌పెన్నుతో చొంపూ అని పేరు, దాని కింద తరగతి రాసి ఉంది. ఏడు కొట్టేసి ఎనిమిది వేసుకుంది, ఆ పక్కన తొమ్మిదికి చోటు వదిలింది.